తిరునాల ఫ్లెక్సీలో పై ఫొటో

మా ఇంటా వంటా పాట పాడినవాళ్లు లేరు. నాకు రాగం తెలియదు, తాళం తెలియదు, సినిమా పాటైనా రెండో చరణానికొచ్చేసరికి మాటలు మర్చిపోతాను. అయినా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ బ్యాండు గొప్పదన్న తగాదా పదిహేనేళ్లుగా నా కుర్చీ వెనకాలే జరుగుతోంది. మాది ఫ్లెక్సీల షాపు మరి.

షాపంటే పెద్దదేం కాదు. బస్టాండు నుంచి రెండు వీధులు లోపలికొస్తే, ఎరువుల కొట్టుకూ టైలరు కొట్టుకూ మధ్య ఒక గది. నేను కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ తయారుచేస్తాను. మా ఆయన కర్రలు కొట్టి, ఫ్లెక్సీ బిగించి, స్తంభాలెక్కి కట్టొస్తాడు. అచ్చు వేసే మిషను మాకు లేదు, అది నంద్యాలలో ఉంది. పొద్దున నేను ఫైలు పంపితే మధ్యాహ్నం బస్సులో చుట్ట చుట్టిన ఫ్లెక్సీ వస్తుంది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పెద్దదినాలు, అయ్యప్ప పడిపూజలు, ఎన్నికల్లో గెలిచినవాళ్లకు శుభాకాంక్షలు, అన్నీ ఈ గది నుంచే పోతాయి.

ఫ్లెక్సీకి ఒక పద్ధతి ఉంది. అది ఎవరూ రాసిపెట్టలేదు కానీ తప్పితే ఊరుకోరు. అన్నిటికంటే పైన దేవుడు. దేవుడి కింద పెద్దలు, గుండ్రటి చట్రాల్లో. ఆ తర్వాత కమిటీ. ఆ కింద కార్యక్రమాలు, అందులో బ్యాండ్లు. బ్యాండ్లలో పైనుండే ఫొటోకే విలువ. పక్కపక్కన పెడితే కుడి గొప్పా ఎడమ గొప్పా అని ఇంకో తగాదా లేస్తుంది కాబట్టి ఒకదాని కింద ఒకటి పెడతాను. సైజు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జనం నా స్క్రీను మీద వేలు ఆనించి, గడ్డం నుంచి నెత్తి దాకా కొలుస్తారు. ఒకసారి ఒక బ్యాండువాళ్ల తలలు రెండో బ్యాండువాళ్ల తలల కంటే పెద్దగా ఉన్నాయని గొడవైతే, అది తలకాయ కాదు, యూనిఫాం టోపీ అని నేనే తేల్చాను. ఆ రోజు నుంచి మా షాపులో టోపీ లెక్కలోకి రాదు.

నేను చెప్పబోయేది పోయిన ఏడాది సంగతి. ఆళ్లగడ్డకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక పల్లె నుంచి తిరునాల ఫ్లెక్సీ కోసం ఇద్దరు వచ్చారు. ఒకాయన కమిటీ పెద్ద. తాతల నాటి నుంచి ఆ ఊళ్లో సేద్యం ఉన్న కుటుంబం. డెబ్బై దాటినా మోటారు సైకిలు తనే నడుపుకుంటూ వస్తాడు. నేను ఆయన్ని పెద్దనాయనా అని పిలుస్తాను. రెండోవాడు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు, ముప్పై ఉంటాయేమో, ఆ ఏడాదే కమిటీలోకి వచ్చాడు. నన్ను అక్కా అంటాడు. ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద వచ్చారు కానీ ఒకే అభిప్రాయంతో రాలేదు.

దేవుడి ఊరేగింపును మావైపు మెరవణి అంటారు. ఆ మెరవణికి వాళ్లు మూడు బ్యాండ్లను మాట్లాడారు. ఒకటి మా ఆళ్లగడ్డ బ్యాండు. క్లారినెట్లు, ట్రంపెట్లు, పెద్ద డోలు, పద్నాలుగు మంది, ఎర్ర కోట్లు. రెండోది నంద్యాల బ్యాండు. ప్యాడ్లు, కీబోర్డు, స్పీకర్లు అన్నీ ఒక బండి మీద పెట్టుకుని వస్తారు, బండి ముందు పది మంది డ్రమ్ములు కొడుతూ ఎగురుతారు, వెనక కొందరు ట్రంపెట్లు ఊదుతారు. మూడోది వెలుగోడు పలకలవాళ్లు, అంటే డప్పుల జట్టు. వాళ్లకు ఫొటో వేసినా వేయకపోయినా ఒకటే. ఎక్కడ నిలబెడితే అక్కడ కొడతారు, భోజనం ఎన్ని గంటలకో మాత్రం ముందే అడుగుతారు. వాళ్లు మూడో చోట హాయిగా కుదురుకున్నారు. తగాదా అంతా మొదటి రెండింటి మధ్యే.

"ఆళ్లగడ్డ బ్యాండు పైన పెట్టుమ్మా" అన్నాడు పెద్దనాయన. "ముప్పై ఏండ్ల నుంచి మన తిరునాలకి వస్తాండారు."

"వస్తాంటే సరిపాయనా?" అన్నాడు షెడ్డు కుర్రాడు. "మా పెద్దమ్మ గూడా ముప్పై ఏండ్ల నుంచి వస్తాంది. ఆమె ఫొటో గూడా ఎయ్యాల్నా?"

"ఏందప్పా నువ్వు. సంగీతం సంగతి మాట్లాడు."

"అదే మాట్లాడ్తాండా. వాళ్లు వాయిస్తాంటే ఒక్కడన్నా ఫోన్ తీసినాడా? అదే నంద్యాలోళ్లు వచ్చినారంటే ఊరంతా ఫోన్లు పైకెత్తుతాది. జనం యాడ నిలబడ్తే ఆ బ్యాండే పెద్దది."

"కొట్లాట జరిగినా జనం నిలబడ్తారు లే."

ఆ మాట నాకు నచ్చింది, కానీ నవ్వు ఆపుకున్నాను. నవ్వితే ఒకరి పక్షం చేరినట్టే, రెండోవాళ్లు నంద్యాలకే పోయి ఫ్లెక్సీ వేయించుకుంటారు. గంటసేపు వాదించుకున్నారు. మైకు లేకుండా ఎవరి వాయింపు ఎంత దూరం వినబడుతుంది, ఎవరికి ఎక్కువ పాటలు వచ్చు, ఎవరు టైముకి వస్తారు, మహానంది శివరాత్రికి ఎవరిని పిలిచారు, పోయిన ఏడు మధ్యలో టీకి పోయి తిరిగిరాని డోలు మనిషి ఎవరు, అన్నీ తవ్వుకున్నారు. వింటూ ఒకటి గమనించాను. బాగా వాయించడమంటే ఏమిటో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఆఖరికి ఆ చోటు ఖాళీగా ఉంచమని, గురువారం వచ్చి చెబుతామని, చెరో టీ తాగి పోయారు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి ఆళ్లగడ్డ బ్యాండు మాస్టరు షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. క్లారినెట్ ఆయనది. అరవైకి దగ్గర్లో ఉంటాడు, మా పెళ్లిలో వాయించింది కూడా ఆయనే. మాటలు తక్కువ మనిషి. నేను షట్టరు ఎత్తి, ఊడ్చి, దేవుడికి అగరుబత్తి వెలిగించేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగి, గ్లాసు కడిగి పెట్టాడు.

"పైన ఎవురు మ్మా?" అన్నాడు.

"ఇంగా తేలలేదన్నా. గురువారం చెప్తామన్నారు."

కాసేపు కంప్యూటరు వైపు చూశాడు. అది ఇంకా వేసి కూడా లేదు. "మా పిల్లోడు పోతానంటాండాడు" అన్నాడు.

ఆయన కొడుకు అదే బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు. ఇరవై ఆరేళ్లవాడు, పెళ్లయి రెండేళ్లయింది. ఎనిమిదో ఏట నుంచి ఆయనే నేర్పాడు. నంద్యాల బ్యాండువాళ్లు వాణ్ని రెండుసార్లు పిలిచారట. రెండుసార్లూ రానన్నాడట. ఇప్పుడు మూడోసారి పిలిచారు. ఈ తిరునాలకు ఫ్లెక్సీలో మన బ్యాండు పైన వస్తే ఉంటాను, రాకపోతే పోతాను అని తండ్రికి చెప్పేశాడు.

"పోతే ట్రంపెట్ పోతాది" అన్నాడు మాస్టరు. తువ్వాలు భుజం మార్చుకుని, "ఇంట్లో వాయించేటోడు ఇంగ ఎవురూ లేరు" అన్నాడు.

నన్ను సిఫారసు చేయమంటాడేమో అనుకున్నాను. పదిహేనేళ్లలో అలా అడగనివాళ్లు అరుదు. ఆయన అడగలేదు. "నిన్ను పెట్టమని అడగను మ్మా. తేలినాక నాకు ముందు చెప్పు. ఫ్లెక్సీ కట్టినాక వాడు చూసొచ్చి నాకు చెప్పేది బాగుండదు" అన్నాడు. చెబుతానన్నాను. ఆయన పోయాక చాలాసేపు ఏ పనీ సాగలేదు.

నాది ముక్కు మీది కోపం. ముందు ఆ కొడుకు మీదే మండిపోయింది. పద్దెనిమిదేళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన తండ్రికీ ఒక ప్లాస్టిక్ గుడ్డ మీది ఫొటోకీ ముడిపెట్టేవాడు ఏం కొడుకు అనుకున్నాను. కోపం తగ్గాక వేరే అనుమానం మొదలైంది. అసలు ఈ బ్యాండు పైన ఉండదగ్గదేనా? ఇన్నేళ్లుగా బ్యాండ్ల ఫొటోలు కత్తిరించి అతికిస్తున్నాను. ఎవరి కోటు ఏ రంగో, ఎవరి బూట్లు మాసి ఉంటాయో చెప్పగలను. ఒక్క బ్యాండునైనా నిలబడి విన్నది లేదు. మెరవణి వీధిలోకి వచ్చిందంటే నేను చూసేది నా ఫ్లెక్సీ గాలికి చిరిగిందా లేదా అనే.

వినాలనిపించింది. ఆదివారం పొద్దున మార్కెట్ యార్డు వెనక ఉన్న పాత శనగల గోదాములో వాళ్లు సాధన చేస్తారని తెలిసి, కూరగాయలు కొనే నెపంతో అటు పోయాను. మాస్టరు నన్ను చూసి ఎందుకొచ్చావని అడగలేదు. ఒక ఖాళీ డబ్బా బోర్లించి కూర్చోమన్నాడు.

మొదటి పావుగంట నాకేమీ అర్థం కాలేదు. అంతా ఒకే మోత. తర్వాత మెల్లగా ఒక్కొక్క వాద్యం విడివిడిగా వినబడసాగింది. ఒక పాట మధ్యలో చిన్న మలుపు ఉంది, చెబితే అరనిమిషం కూడా ఉండదు. దాన్ని మాస్టరు పదకొండుసార్లు వాయింపించాడు. నేను లెక్కపెట్టాను. ఎవరినీ తిట్టలేదు, సరిగ్గా లేదని కూడా అనలేదు. మళ్లీ మొదటినుంచి అన్నట్టు చూపుడు వేలు ఎత్తేవాడు, అందరూ ఎత్తుకునేవాళ్లు. వేలు దించితే పద్నాలుగు మందీ టక్కున ఆగేవాళ్లు. పదకొండోసారి ఆ మలుపు దాటేటప్పుడు ఆయన క్లారినెట్ ఎంత సన్నగా పలికిందంటే, పెద్ద డోలు మనిషి చేతులు డోలు మీద ఆనించి, మెడ ముందుకు చాచి విన్నాడు. నేనూ అలాగే వింటున్నానని తర్వాత తెలిసింది. ఇంటికి తీసుకుపోవాల్సిన తోటకూర ఒళ్లో వాడిపోయింది.

కొడుకుని కూడా గమనించాను. ట్రంపెట్ చేతికిస్తే గోదాము రేకులు అదిరేలా వాయించాడు. అంత పలుకు ఆ పద్నాలుగు మందిలో ఎవరికీ లేదని నాలాంటిదానికి కూడా తెలిసింది. కానీ వాడి వంతు పాటకు రెండుసార్లే వచ్చేది. మిగతాసేపంతా ట్రంపెట్ చంకలో పెట్టుకుని, లోపల లెక్కపెట్టుకుంటూ నిలబడేవాడు. వాయింపు ఆగినప్పుడు బయట కొళాయి దగ్గర నీళ్లు తాగుతుంటే నేనే పోయి పలకరించాను. మనసులో ఉన్నది దాచుకోవడం నాకు చేతకాదు.

"ఫొటో పైన వస్తే నీ వంతు రెండు నాలుగైతాదా అబ్బీ?"

వాడు మొహం తుడుచుకుని నవ్వాడు. "కాదక్కా."

"మరెందుకు ఆ పంతం?"

"పంతం కాదు. ఈడ ఉండేదానికి నాకొక సాకు గావాల. ఫొటో పైన పడితే, నంద్యాలకి పొమ్మని పోరుతాండే మా మామోళ్లకి చూపిచ్చి, ఇదో, మా బ్యాండే పెద్దది, యాడికీ పోనని చెప్తా. అంతే."

"మీ నాయన ఉండమంటే ఉండవా?"

"నాయన అనడు గదా" అన్నాడు. "ఉండు అనడు, పో అనడు. బాగా వాయిచ్చినావని గూడా అనడు. ఇన్నేండ్లలో ఒక్కనాడు అన్లే. నేను బాగా వాయిస్తానో లేదో నాకే తెలీదక్కా."

నాకు వాడి మీదున్న కోపం సగం అక్కడే దిగిపోయింది. ఆ సగం తండ్రి మీదికి పోయింది. లోపలికి పోయి ఆయనతో నాలుగు మాటలు అందామనుకున్నాను కానీ, వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఇంటికొచ్చేశాను.

మంగళవారం అచ్చు పని మీద నంద్యాల పోయాను. రైల్వే స్టేషను దారిలో ఆటో ఆగిపోయింది. ముందు పెళ్లి ఊరేగింపు, ఆ ఊరేగింపులో ఉన్నది ఆ నంద్యాల బ్యాండే. పొద్దున పదిన్నర, ఎండ చురుక్కుమంటోంది. నిజం చెప్పాలంటే వాళ్లను తిట్టుకోవడానికి సిద్ధంగానే ఆటో దిగాను. చెవులు చిల్లులు పడతాయని కొంగు చుట్టుకున్నాను కూడా. రెండు నిమిషాల్లో కొంగు తీసేశాను. ముందున్న ఇద్దరు డ్రమ్ములవాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంది. ఒకడు కొట్టిందానికి రెండోవాడు ఎదురు చెబుతాడు, మొదటివాడు ఒప్పుకోడు, బండి మీది ప్యాడు మధ్యలో దూరి ఇద్దరినీ వెక్కిరిస్తుంది. మా ఆటో అతను దిగి ఈల వేశాడు. నా కాలు నన్నడక్కుండానే ఆడింది. ఆటో కదిలాక కూడా ఆడుతూనే ఉంది, నాకు సిగ్గేసింది.

మంచినీళ్లకు ఆగినప్పుడు కీబోర్డు వాయించే మనిషిని, మీరు సాధన చేస్తారా అని అడిగాను. "దినమూ చేస్తామమ్మా, పొద్దున ఆరు నుంచి. లేకుంటే చేతులు యాడ వింటాయి?" అన్నాడు. వీళ్లకేమీ రాదు, ఉన్నదంతా స్పీకర్ల గొప్పే అని ఎవరైనా అంటే నమ్మేయాలని చూశాను. ఎవరూ అనలేదు. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నాకు నేనే రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నాను. ఒకరు మెడ చాచి వినేలా చేస్తారు. ఇంకొకరు కాలు ఆడేలా చేస్తారు. మెడ గొప్పా, కాలు గొప్పా?

దారి చూపింది అహోబిలం పూజారి ఒకాయన. వాళ్లది తరతరాలుగా గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం. ఆ పల్లె తిరునాలకు కూడా ఆయనే వచ్చి స్వామికి హారతి ఇస్తాడు. బుధవారం ఏదో ఉత్సవం కరపత్రాల కోసం మా షాపుకొచ్చాడు. కరపత్రం సరిచూస్తుంటే అడిగేశాను. "స్వామీ, మెరవణిలో ఏ బ్యాండు గొప్పదని ఎట్లా తెలుస్తాది?"

ఆయన తలెత్తకుండానే, "చెయ్యెత్తితే ఆగేది" అన్నాడు.

నాకు అర్థం కాలేదని చూసి, కరపత్రం పక్కన పెట్టి చెప్పాడు. "వాయించేది అందరికీ వస్తాదమ్మా. ఇంటింటి ముందర పల్లకి ఆగుతాది గదా. టెంకాయ కొట్టి, హారతి వెలిగిచ్చి, నేను చెయ్యెత్తుతాను. అప్పుడు అందరూ ఒక్కతూరి ఆగాల. ఆ ఇంటోళ్ల పేరు, గోత్రం చెప్పేది ఆ నిమిషంలోనే. బ్యాండు ఆగకుంటే నేను చెప్పేది స్వామికి కాదు గదా, నాకే వినపడదు. ఇంటోళ్లు ఏడాదంతా ఎదురుచూసేది ఆ నిమిషం కోసమే."

ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. కానీ నాకు గోదాములో దిగిన ఆ చూపుడు వేలు కళ్లముందు కదిలింది. కొలబద్ద దొరికినంత సంతోషమైంది. ఆయన కరపత్రంలో రెండు తప్పులు అలాగే వదిలేశానని తర్వాత తెలిసి చీవాట్లు తిన్నాను.

గురువారం పెద్దనాయనా, షెడ్డు కుర్రాడూ వచ్చారు. వాదన ఆపిన చోట నుంచే అందుకున్నారు. ఎప్పుడూ నోరు విప్పని నేను ఈసారి కుర్చీ వెనక్కి తిప్పి, పూజారి చెప్పిన మాట చెప్పాను. పెద్దనాయన మొహం వెలిగింది. కుర్రాడు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఆగేది ఫ్లెక్సీ మీద కనపడ్తాదా అక్కా?"

"ఫోన్లో కనపడ్తాది. పోయినేడు నువ్వు తీసిన వీడియో ఉండాదా?"

ఉంది. అతని దగ్గర అన్నీ ఉంటాయి. నంద్యాల బ్యాండు వాయిస్తున్న వీడియో తీసి, చూడక్కా ఈ ఊపు అంటూ మా ముందు పెట్టాడు. ఊపుకు తిరుగులేదు, నా కాలు మళ్లీ మొదలుపెట్టింది. కానీ ఫోన్ పైమూలన పల్లకి కనబడుతోంది. పల్లకి ముందు పూజారి చెయ్యెత్తి నిలబడ్డాడు. డ్రమ్ములు ఆగలేదు. ఆయన చెయ్యి అలాగే ఉంది. ఇంకో చేతిలో పళ్లెంలో కర్పూరం తగ్గుతూ తగ్గుతూ ఆరిపోయింది. పక్కన ఒక ముసలామె పళ్లెం వైపూ బ్యాండు వైపూ మార్చి మార్చి చూస్తోంది.

"అది మా జేజి" అన్నాడు కుర్రాడు. ఏడాదిగా ఫోన్లో పెట్టుకుని అందరికీ చూపించిన వీడియోలో ఆ మూల అతనెప్పుడూ చూడలేదు. ఇంకోసారి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "సరే అక్కా. పైన ఆళ్లగడ్డోళ్లే" అన్నాడు. పెద్దనాయన గెలిచానన్న సంబరంలో టీకి నన్ను కూడా పిలిచాడు.

నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ మాస్టరు కొడుకు సంగతి వాళ్లకు చెప్పలేదు. కొడుకు తండ్రి దగ్గర ఉండిపోవాలనే కోరిక నా వాదన వెనక ఎంత ఉంది, సంగీతం ఎంత ఉంది అంటే నేను చెప్పలేను. గెలిచినందుకు మాత్రం కడుపునిండా సంతోషపడ్డాను. వెంటనే మాస్టరుకు ఫోను చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ఆయన భార్య ఎత్తి, రేపు ఆయన్ను పంపిస్తానంది. మంచి ఫొటో ఒకటి తెమ్మని, శుభవార్త అని చెప్పాను. ఆమె సరేనని పెట్టేసింది.

శుక్రవారం పొద్దున నంద్యాల బ్యాండువాళ్లు తమ కొత్త ఫొటో నా ఫోనుకు పంపారు. కొత్త నీలం యూనిఫాం, బండి ముందు రెండు వరుసల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. దాన్ని రెండో చోట పెట్టాను. పై చోట ఆళ్లగడ్డ బ్యాండుది పాత ఫొటోనే సరిచేసి పెట్టాను. పదకొండు గంటలప్పుడు మాస్టరు వచ్చాడు. చేతిలో ఫొటో ఏమీ లేదు.

"చూడన్నా, పైన ఎవురుండారో" అని నా కుర్చీ పక్కకు జరిపాను. చిన్నపిల్లలా ఉబ్బిపోతున్నాను.

ఆయన వంగి పై ఫొటో చూశాడు. బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత చూపు కింది ఫొటో మీదికి పోయింది, అక్కడే ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"వెనక వరసలో, ఎడమ పక్కనించి రెండోవాడు మా వాడు మ్మా" అన్నాడు.

నేను చూశాను. నీలం కోటులో, ట్రంపెట్ గుండెలకు ఆనించుకుని, ముందున్నవాళ్ల భుజాల మధ్య నుంచి కనబడీ కనబడనట్టు ఉన్నాడు. పొద్దున్నుంచి ఆ ఫొటోను నేను నాలుగుసార్లు సరిచేశాను. గుర్తుపట్టలేదు.

"ఎప్పుడు పోయినాడన్నా?"

"సోమారం."

అంటే నాతో కొళాయి దగ్గర మాట్లాడిన మర్నాడే. గురువారం దాకా కూడా ఆగలేదు. నేను నంద్యాలలో కాలు ఆడిస్తున్నప్పటికే, అహోబిలం పూజారితో కొలబద్దలు తేల్చుకుంటున్నప్పటికే వాడు వెళ్లిపోయాడు.

"ఉండమని ఒక్క మాట అనలేదా అన్నా?"

"బూట్లు ఏసుకుంటాండాడు" అన్నాడు మాస్టరు. "బస్సు దొరుకుతాదో లేదో, బేగా పో అన్నాను."

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. స్క్రీను వైపు చెయ్యి చూపించాడు. "ఆ కిందది పైకి మార్చు మ్మా."

"ఎందుకన్నా?" నాకు కోపమొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. "ఎవురూ జాలిపడి ఇయ్యలేదు. మీరు బాగా వాయిస్తారనే ఇచ్చినారు. నేను ఇని వచ్చినాను గదా."

"మేం బాగా వాయిస్తామని నాకు తెలుసు మ్మా. వాడు బాగా వాయిస్తాడని వానికే తెలీదు. నేనెప్పుడూ చెప్పలే" అన్నాడు. "కమిటీ పెద్దాయనకి నేను చెప్పుకుంటా. నువ్వు మార్చు."

మార్చాను. నీలం కోట్లు పైకెళ్లాయి, ఎర్ర కోట్లు కిందికొచ్చాయి. ఆయన ఇంకా దగ్గరికి వంగాడు.

"వాడు కనపడ్డంలేదు. రోంత పెద్దది చెయ్యి."

ఫొటో మూల పట్టుకుని లాగాను. ముందు వరుసవాళ్ల భుజాలు పెద్దవయ్యాయి, వెనక ట్రంపెట్ తేలింది, దాని పైన మొహం.

"ఇంగ రోంత."

"పక్కనోళ్లు బయటికి పోతాండారన్నా" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. కొడుకు మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, "ఇంగ రోంత" అన్నాడు.